ముందు చక్రాల బలం

"స్వామీ, మనసు గట్టిదైతే మనిషి ఒక్కడే ఈ సంసారాన్ని దాటలేడా?" అని అడిగాడు విరూపాక్షి.

ఆ ప్రశ్న వెనక ఏముందో గురువు ఈశ్వరయ్య గారికి తెలుసు. నల్లమల అంచునున్న ఆయన ఆశ్రమంలో విరూపాక్షి చేరి కొన్నేళ్ళయింది. పాఠంలో అందరికంటే ముందుండేవాడు. కానీ నలుగురితో కలిసి వంట చేయడం, వంతు ప్రకారం నీళ్ళు తోడడం, పక్కవాడి గురక భరించడం అతనికి పడలేదు. కొండమీద ఒక గుహ చూసుకున్నాడు. అక్కడ ఒంటరిగా సాధన చేసుకుంటానని అనుమతి కోసం వచ్చాడు.

ఈశ్వరయ్య గారు పెద్ద ప్రశ్నకు పెద్ద జవాబు చెప్పే మనిషి కాదు. ఎక్కడో ఎవరికో జరిగింది చెప్పి ఊరుకునేవారు. ఆ పూట వంటకు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఎర్రవాగు చెన్నకేశవులు సంగతి ఎత్తుకున్నారు.

చెన్నకేశవులుకు వాగు ఒడ్డున బత్తాయి తోట ఉంది. తండ్రి రంగనాయకులు సంపాదించిన తోట అది. తోటతోపాటు తండ్రి మిగిల్చిపోయింది ఒక పాత మిలిటరీ జీపు. మామూలు బండికి ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. ఈ జీపులో గేరు కడ్డీ పక్కనే ఇంకో పొట్టి కడ్డీ ఉండేది. దాన్ని లాగితే ముందు చక్రాలకూ బలం వచ్చి, నాలుగు చక్రాలూ కలిసి బండిని బురదలోంచి, ఇసుకలోంచి పైకి లాగుతాయి. ఆ కడ్డీ అంటే చెన్నకేశవులుకు చిన్నప్పటినుంచీ దేవుడి గంటంత భక్తి.

కారణముంది. అతను పుట్టిన ఏడు గాలివాన వచ్చి వాగు పొంగింది. తల్లి ఆదిలక్ష్మమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చేతులెత్తేసింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. రంగనాయకులు భార్యను జీపులో పడుకోబెట్టి, ఆ కడ్డీ లాగి, వాగు దాటించాడు. బిడ్డ బతికాడు, తల్లి బతికింది. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, వచ్చిన చుట్టానికల్లా ఈ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ వాగు ఇంకొంచెం లోతయ్యేది.

తండ్రి పోయాక జీపు పాకలో మూలపడింది. సంవత్సరీకాల నాటికి దాన్ని బాగుచేసి, ఆయన దాటిన చోటే తానూ వాగు దాటాలని చెన్నకేశవులు పట్టుబట్టాడు. సీట్లలో ఎలుకలు పెట్టిన గూళ్ళు తీశాడు. తుప్పుపట్టి చిల్లులు పడిన అడుగురేకు కోయించి కొత్తది అతికించాడు. ఇంజను విప్పి కడిగించాడు. పైనున్న రంగులన్నీ ఉప్పుకాగితంతో గీకి గీకి, అడుగున అసలు పచ్చరంగు బయటపడిన రోజున పసిపిల్లవాడిలా తల్లిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి చూపించాడు.

ఆ రోజుల్లోనే వాగవతలి గట్టుపల్లెవాళ్ళతో అతనికి తగువు నడుస్తోంది. ఆ పల్లెవాళ్ళు తరాలుగా వాగు దాటి వచ్చి, ఈ తోట నడుమనుంచే రోడ్డెక్కేవాళ్ళు. కాయలు పోతున్నాయని చెన్నకేశవులు దారికి అడ్డంగా ముళ్ళకంచె వేయించాడు. ఇక బడికి పోయే పిల్లలూ, కూలికి పోయే ఆడవాళ్ళూ కొండ చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. పెద్దలు వచ్చి అడిగితే అతనన్న మాట ఇది: "మా నాయన ఒకరి చెయ్యి పట్టుకుని వాగు దాటలేదు. మీ దారి మీరు చూసుకోండి."

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

జీపు పని చివరికొచ్చింది. ముందు చక్రాల సంగతి ఒక్కటే మిగిలింది. బండిని దిమ్మెల మీదికెత్తి చెన్నకేశవులు కిందికి దూరాడు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు మోసుకుపోయే షాఫ్టు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎవరో ఈమధ్య దొంగిలించారనుకుందామంటే, దాన్ని బిగించాల్సిన బోల్టు రంధ్రాల్లో మట్టి రాయిలా గట్టిపడి ఉంది. అతని వయసంత పాతమట్టి.

నూనె చేతులతోనే వంటింటి గుమ్మందాకా పోయాడు.

"అమ్మా, జీపుకి ముందు షాఫ్టు లేదే?"

ఆదిలక్ష్మమ్మ బియ్యం చెరుగుతోంది. "అది మొదటినుంచీ లేదు గదా! వేలంలో కొన్నప్పుడే లేదు. దొరికితే వేయించాలనేవాడు మీ నాయన. దొరకనే లేదు."

"మరి ఆ రోజు వాగెట్లా దాటినాడు? కడ్డీ లాగినాడంటిరి?"

"లాగినాడు. ఆ కడ్డీ లాగినాడంటే వెనక కూర్చున్నోళ్ళంతా దిగి తొయ్యాలని గుర్తు. ఆ రోజు గట్టుపల్లెవాళ్ళు గూడా నీళ్ళల్లోకి దిగినారు."

 చెన్నకేశవులు గడప మీద కూలబడ్డాడు. "ఎవరెవరమ్మా?" అన్నాడు.

"ఎవరని చెప్పేది నాయనా? నేనేమన్నా లేచి కూర్చున్నానా? ఆ వానలో నాకు మొహాలు కనపడలా. జీపు అంచుమీద చేతులు కనపడినాయి. శానా చేతులు."

"ఇన్నేళ్ళూ నేనట్లా చెప్పుకుంటుంటే ఒక్కమాట అనకపోతివే!"

ఆమె చేట కింద పెట్టింది. "మీ నాయన్ని గొప్పచేసి చెప్తా ఉంటే వినబుద్ధయ్యేది. ఆయన మాత్రం ఒక్కణ్ణే దాటించినానని ఏనాడూ అనలేదు. ఆ ముక్క నువ్వు కలుపుకున్నదే."

ఆ మధ్యాహ్నం చెన్నకేశవులు అన్నం తినలేదు. పాకలోకి పోయి జీపు చుట్టూ తిరిగాడు. అంత మెరుస్తున్న బండి అతనికి పరాయిదిలా కనిపించింది. పెద్దల ముందు తానన్న మాటా, ఏమీ అనకుండా వెళ్ళిపోయిన ఆ మొహాలూ అతన్ని కూర్చోనివ్వలేదు. వాళ్ళకు తెలుసు. తెలిసీ, చచ్చిపోయిన మనిషి గౌరవం కోసమో, ఎదురుగా ఉన్న మూర్ఖుడి మీద జాలితోనో నోరు విప్పలేదు.

కత్తి తీసుకుని తోటలోకి పోయాడు. కూలివాళ్ళను పిలవలేదు. కంచె తానే నరికి ఈడ్చిపారేశాడు. చేతులు రక్తమోడాయి. మరునాడు పొద్దున జీపు జోలికి పోకుండా నడిచి వాగు దాటి, గట్టుపల్లె రచ్చబండ దగ్గర నిలబడ్డాడు. అక్కడ నలుగురు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. దారిలోనే కూడబలుక్కున్న మాటలు తీరా వాళ్ళ ముందు నిలబడేసరికి మరిచిపోయాడు.

"ఆ రోజు మా నాయన జీపు తోసింది మీలో ఎవరు?" అని మాత్రం అడగగలిగాడు.

వాళ్ళు ఆలోచనలో పడ్డారు. అందరిలోకీ పెద్దవాడు, నాసరయ్య, నుదురు రుద్దుకుంటూ అడిగాడు:

"ఏ రోజు?"

చెన్నకేశవులు తల వంచుకున్నాడు. వాళ్ళు ఎన్ని వానల్లో ఆ బండిని తోశారో, అందులో తాను పుట్టిన రోజు ఒకటని వాళ్ళకు గుర్తయినా లేదు. కండువాతో మొహం తుడుచుకుని, "కంచె తీసేసినాను, పెద్దాయనా" అన్నాడు.

"తెలుసులే. మాకంటే ముందు మేకలు చూసినాయి" అన్నాడు నాసరయ్య. పక్కకు జరిగి, అరుగుమీద అతనికి చోటిచ్చాడు.

ఈశ్వరయ్య గారు అక్కడితో ఆపి, ఈనెలు తీసిన కాయలు విరూపాక్షి ముందుకు తోశారు. విరూపాక్షి వాటిని తుంచడం మొదలుపెట్టాడు. 

"స్వామీ, చివరికి ఆ షాఫ్టు వేయించుకున్నాడా, లేక అట్లాగే వదిలేశాడా?" అని అడిగాడు విరూపాక్షి.

"వేయించుకున్నాడు. ఎందుకు వేయించుకోడు? బలముండడం తప్పా?" అన్నారు గురువుగారు. "వాన మొదలైతే మాత్రం వెనక సీట్లు ఖాళీగా పెట్టుకుని బయల్దేరడు."