తవిటయ్య వాటా

అనగనగా అంటే ఎంత కాలం కిందటో నన్నడక్కండి. మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పేనాటికే ఇది పాతకథ. ఒక ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో తవిటయ్య అని ఒక మంగలి. అతనికి ముందు పుట్టినవాళ్ళు ఎవరూ దక్కలేదు. వీడైనా చావు కంట పడకూడదని తల్లి అతన్ని పొరుగింటావిడ చేతుల్లో పెట్టి, దోసెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుందట. అందుకే ఆ పేరు.

ఆ రోజుల్లో ఆ వైపు ఒక పద్ధతి ఉండేది. మంగలి పోతే అతని కత్తిని ఇంటి చూరులో దోపేసేవారు. చచ్చినవాడి కత్తి పట్టుకుంటే బతికున్నవాడి గొంతు తెగుతుందని భయం. అది ఏళ్ళ తరబడి అక్కడే తుప్పు పట్టేది. తవిటయ్య మాత్రం ఊరూరూ తిరిగి అడిగేవాడు.

"ఆ కత్తి నాకిచ్చేత్తావా అమ్మా?"

"సచ్చినోడి కత్తి నీకెందుకురా?"

"మనిషి సచ్చిపోనాడు గానీ కత్తి సావనేదమ్మా. తొంగుంది. నాను లేపుతాను."

తెచ్చి చింతపండు పులుసులో నానేసేవాడు. ఇటుకపొడితో రుద్దేవాడు. ఆముదం పట్టించేవాడు. పిడి విరిగిపోతే గేదెకొమ్ము చెక్కి కొత్తది వేసేవాడు. ఆపైన సానరాతి మీద ఓపిగ్గా నూరేవాడు. పెళ్ళాం గడ్డెమ్మ తలలోంచి ఒక వెంట్రుక తీసి గాల్లో వదిలితే, అది కత్తి వాదర మీద వాలి, రెండై కిందికి దిగేది.

గడ్డెమ్మ మాత్రం మూతి తిప్పేది. "బతికున్న పెళ్ళాం తలకి సుక్క నూనె నేదు గానీ, సచ్చినోళ్ల కత్తులకి ఆవుదమా!"

తవిటయ్య నవ్వేవాడు. లేపిన కత్తుల్ని గోడకి వరసగా వేలాడదీసేవాడు. పొద్దున్నే ఎండ తగిలితే ఆ గోడ ఏట్లో చేపల గుంపులా తళతళలాడేది.

ఇలా ఉండగా పెద్ద దొరగారి కొడుకు జ్వరమొచ్చి పోయాడు. కోడలు నాంచారుది ఇంకా బొమ్మలాటలు మానని వయసు. మొగుడు పోయిన ఆడదానికి తల గొరిగించడం ఆ ఇంటి ఆచారం. తవిటయ్యకి కబురొచ్చింది.

పెరట్లో పీట మీద పిల్లని కూర్చోబెట్టారు. జుట్టు పీట దాటి నేలమీద పరుచుకుని ఉంది.

"తాతా, జుట్టు మళ్ళీ వస్తుందా?"

"వత్తాదమ్మా."

"వస్తే ఉంచుతారా?"

తవిటయ్య ఆ జుట్టుకేసి చూశాడు. వచ్చిందల్లా తీయడానికి పిలిచేది మళ్ళీ తననే కదా.

పొదిలోంచి తన తాత కత్తి తీశాడు. రాయి ముందు పెట్టుకున్నాడు. పదును ఎటు పోవాలో మంగలి చేతికి నిద్రలోనైనా తెలుసు. ఆ చెయ్యి ఆ రోజు ఎదురు తిరిగింది. వాదరని పదును చచ్చేలా రాతికి అడ్డంగా పెట్టి ఈడ్చాడు. ప్రాణం విలవిల్లాడింది. చూసేవాళ్ళకి మాత్రం కత్తి నూరుతున్నట్టే ఉంది. తీసుకెళ్ళి పిల్ల నుదుటి దగ్గర ఆనించాడు. ఒక్క వెంట్రుక తెగలేదు.

"ఇనుము కాదంటంది బాబూ."

దొర కళ్ళెర్రజేశాడు. "నీ గోడ నిండా కత్తులేగా? అన్నీ పట్రా. అవీ తెగకపోతే అన్నిటినీ ఏట్లో పారేయించి, నిన్ను పొలిమేర దాటిస్తాను."

అన్నీ తెచ్చాడు. ఏ కత్తి ఎవరిదో అతనికి తెలుసు. ఇది రాజయ్యది, ఇది బంగారయ్యది. 'తప్పయిపోనాది తండ్రీ' అని లోలోపలే దండం పెట్టుకుంటూ, ఒక్కొక్కదాన్నే రాతికి అడ్డంగా ఈడ్చాడు. బతుకంతా కూర్చుని లేపిన కత్తుల్ని తన చేత్తోనే చంపుకున్నాడు. పొద్దు వాలేసరికి ఒక్కదానికీ పదును లేదు. అతని మొహం తడిసి ఉంటే అందరూ చెమటనుకున్నారు.

"ఇనుము కాదంటంది బాబూ."

దొర ఏటి అవతల నుంచి పైడయ్యని పిలిపించాడు. పైడయ్యా మంగలే. కానీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. నలుగురిలో 'తుప్పు తవిటయ్య' అని వెక్కిరించేది ఆ పైడయ్యే. ఇప్పుడు అతను ఒక్క మాటంటే చాలు, పిల్ల జుట్టూ పోతుంది, తవిటయ్య బతుకూ పోతుంది.

పైడయ్య వచ్చి రాతి ముందు కూర్చున్నాడు. రాతిమీద అడ్డగీతలు చూశాడు. ఒక కత్తి తీసి బొటనవేలితో తడిమాడు. తలెత్తి తవిటయ్యని చూశాడు. తవిటయ్య నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు పిల్లని చూశాడు.

పైడయ్య తన కొత్త కత్తి తీసి, రాతికి అడ్డంగా ఈడ్చాడు.

"ఇనుము కాదంటంది బాబూ. తవిటయ్య కత్తికి తెగనిది నా కత్తికి తెగుతాదా?"

మూడుసార్లు ఇనుము కాదంది. ఎంత దొరైనా ఇనుముతో ఏం వాదిస్తాడు? కత్తులకి రెండు చేతులూ జోడించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆ మాటెత్తలేదు.

కత్తులకి మళ్ళీ పదును పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పెడితే గుట్టు రట్టవదూ? ఊళ్ళోవాళ్ళు గడ్డాలకి ఏరు దాటి పోయేవారు. తవిటయ్య చెయ్యి పాడైందని చెప్పుకునేవారు. అతను విని ఊరుకునేవాడు. గడ్డెమ్మ ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆ మొద్దుకత్తులకి ఆముదం మాత్రం తనే తెచ్చి పట్టించేది. అతను అలాగే బతికి, అలాగే పోయాడు.

పోయిన రోజున పైడయ్య ఏరు దాటి వచ్చి, ఆ వాకిట్లో నిలబడి, ఉన్నదంతా ఏడుస్తూ చెప్పేశాడు. చావుకొచ్చిన మంగళ్ళంతా అది విని, ఆ గోడకేసి చూసి నిలువునా నీరైపోయారు. అంతలో ఆ మాట చెవిన పడి పెద్దింటి నుంచి నాంచారమ్మ నడిచొచ్చింది. దొర పోయి చాలాకాలమైంది. ఆమె జుట్టు సగం నెరిసింది. జడ నడుము దాటి ఉంది. పెద్దింటివాళ్ళు ఏనాడూ తొక్కని ఆ గడప తొక్కింది.

"పైడయ్యా, ఆ రోజు తాత చెయ్యి ఎటు పోయిందో చూపించు."

చూపించాడు. ఆమె గోడ మీది కత్తులు ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కదాన్నీ రాతిమీద ఒక్కసారి ఎదురు గీసి, ఒక్కో మంగలి చేతిలో పెట్టింది. వాళ్ళు అక్కడే కూర్చుని నూరారు. ఆ చప్పుడు ఏటి అవతలికి వినిపించిందట.

అప్పటి నుంచీ ఆ వైపు కత్తుల్ని చూరులో దోపరు. పోయినవాడి కత్తి ఎవరి చేతికి వచ్చినా, ముందు వాళ్ళింటి ఆడమనిషి దాన్ని రాతిమీద ఒక్క గీత ఎదురు గీయాలి. ఆ తరవాతే మంగలి కూర్చుని పదును పెడతాడు. ఆ మొదటి గీత ఎందుకమ్మా అని అడిగితే, "అది తవిటయ్య వాటా" అంటారు.