స్వాతి నడిచే సాలు

వినండి పిల్లలూ. అనగనగా సముద్రం ఒడ్డున ముత్యాలరేవు అనే రాజ్యం, దానికో రాజు. ఆయనకి రణకేతు, జయకేతు అని ఇద్దరు కొడుకులు, వకుళ అని ఒక కూతురు. పిల్లలెందరని ఎవరైనా అడిగితే "ఇద్దరు" అనేవాడు రాజు. కూతుళ్ళని లెక్కలో కలిపే అలవాటు ఆ రాజ్యంలో లేదు.

రాణి మధూలికకు ఆకాశం చదవడం వచ్చు. మేడ మీద ఒక వెదురు గొట్టాన్ని, కింది కొసకి రాళ్ళు కట్టి, తాళ్ళతో వేలాడదీసేది. దాని కింద వెల్లకిలా పడుకుని, గొట్టంలోంచి పైకి చూసేది. పక్కన వకుళ పడుకునేది.

"ఊగడం ఆగాక గొట్టం నిట్టనిలువుగా నిలుస్తుంది. అందులోంచి కనపడేదే నీ నడినెత్తి. పండితులు ఖమధ్యం అంటారు. ఎవరి ఖమధ్యం వాళ్ళదే తల్లీ. నువ్వు ఎటు వెళితే అదీ నీతో వస్తుంది" అనేది రాణి. "చుక్కలు మాత్రం నాట్లు వేసే ఆడవాళ్ళలాంటివి. ఏ చుక్క సాలు దానిదే. పక్క సాల్లో అడుగు పెట్టదు. స్వాతిని చూడు. మన నడినెత్తికి జానెడు ఉత్తరంగా పోతుంది. రోజూ అంతే."

ఇలా ఉండగా ధూమాక్షుడనే మాంత్రికుడు పొగలా వచ్చి రాణిని ఎత్తుకుపోయాడు. ఒక ఏడు గడిచింది. రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు ఒక అడవి బాతు వచ్చి మేడ మీద వాలింది.

"రాణిగారు ఒక్క మాట చెప్పమన్నారు. స్వాతి నా నడినెత్తి మీదుగా పోతోంది. అంతే" అంది బాతు.

"ఆ చోటికి దారేది?" అంది వకుళ ఆత్రంగా.

"గుంపులో వచ్చానమ్మా. నాకు తెలిసిందల్లా నా ముందు ఎగిరే బాతు తోక."

సభలో పండితులు ఈ మాట మీద మూడు రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి పెద్ద పండితుడు లేచి, "స్త్రీకి నెత్తి మీద ఉండవలసినవాడు భర్త. కనుక స్వాతి అంటే తమరే ప్రభూ! రాణిగారు తమరినే తలుచుకుంటున్నారు" అన్నాడు. రాజు పొంగిపోయి మీసం సవరించుకున్నాడు.

"అమ్మ తలుచుకోవడం లేదు నాన్నగారూ, తానెక్కడుందో చెబుతోంది" అంది వకుళ. ఎవరూ వినలేదు.

రాణిని తెచ్చినవారికి సింహాసనం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. పెద్దవాడు రణకేతు స్వాతి కనపడిన వైపు ఓడ నడిపించాడు. స్వాతి తూర్పున పొడిచి పడమర కుంగుతుంది కదా! సగం రాత్రి తూర్పుకీ సగం రాత్రి పడమరకీ తిరిగి, నెల తిరిగేసరికి బయలుదేరిన రేవులోనే తేలాడు. రెండోవాడు జయకేతు తలెత్తి చూసి, చుక్క నెత్తిమీదే ఉందనిపించిన ప్రతి ద్వీపంలోనూ దిగాడు. మెడ పట్టేసి ఇంటికొచ్చి నూనె రాయించుకున్నాడు.

"నేను వెళతాను" అంది వకుళ.

"ఆడపిల్లవి. సముద్రంలో దారి తప్పితే?"

"తప్పి వచ్చినవాళ్ళిద్దరూ మగపిల్లలే కదా నాన్నగారూ!"

వకుళ గొట్టం చంకన పెట్టుకుని రేవుకి వెళ్ళింది. నూకరాజు అనే పడవవాడిని పిలిచింది.

"ఏ వైపు అమ్మాయిగారూ?" అన్నాడు నూకరాజు.

"ముందు ఉత్తరానికి. స్వాతి గొట్టంలోకి వచ్చేదాకా."

"వచ్చాక?"

"తూర్పుకి. పడమరంతా మన నేలే, అక్కడ అమ్మ లేదు. చుక్క మనం ఎంత ఉత్తరాన ఉన్నామో చెబుతుంది గానీ, ఎంత తూర్పున ఉన్నామో చెప్పదు. అమ్మ సగం దారి చెప్పింది. మిగతా సగం మనం వెతకాలి."

ఉత్తరానికి పోయేకొద్దీ స్వాతి నడినెత్తికి దగ్గరైంది. ఒక రాత్రి గొట్టంలో నిండుగా వెలిగింది. అప్పుడు పడవని తూర్పుకి తిప్పారు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. నాలుగో సముద్రంలో తుఫాను వాళ్ళని దక్షిణానికి తోసేసింది. వకుళ గొట్టం వేలాడదీసి చూసి, "సాలు తప్పాం. రెండు రోజులు ఉత్తరానికి పోనీ" అంది. అలా ఏడు సముద్రాలూ దాటేసరికి చిన్న ద్వీపం కనపడింది. ఒడ్డున తల్లి!

కౌగిలింతలయ్యాక రాణి వాళ్ళని ద్వీపం లోపలికి తీసుకెళ్ళి, చెట్టుకి వేలాడే పంజరం చూపించి గబగబా చెప్పింది. "ధూమాక్షుడి ప్రాణం ఈ పంజరంలోని చిలకలో ఉంది. చిలక స్వాతి సాలు కింద ఉన్నంతకాలం వాడికి చావు లేదు, మంత్రం పోదు. ఆ సాలు ఎక్కడుందో కనుక్కోవడం వాడికి చేతకాదు. అందుకే నన్ను తెచ్చాడు."

"చిలక పీక నులిమితే సరి" అన్నాడు నూకరాజు.

"ఏం నాయనా, చెడ్డవాడు వాడైతే పీక నాదా?" అంది పంజరంలోంచి చిలక.

నూకరాజు సిగ్గుపడ్డాడు. వకుళ ఆలోచించింది. ఇంతలో ధూమాక్షుడు వచ్చి, "ఎవరీ పిల్ల?" అని ఉరిమాడు.

"నా శిష్యురాలు బాబూ. సాలు సరిచూడ్డానికి వచ్చింది" అంది రాణి.

వకుళ గొట్టంలోంచి చూసి పెదవి విరిచింది. "అయ్యో! స్వాతి పక్కకి ఒరిగిందండీ. పంజరం కొంచెం దక్షిణానికి జరపాలి. నమ్మకం లేకపోతే మీరే పడుకుని చూడండి."

"నేను నేల మీద పడుకోవడమా! ఆడవాళ్ళ పని ఆడవాళ్ళే చేయండి" అన్నాడు మాంత్రికుడు. పంజరం తనే మోసుకుని ఒడ్డుకి తెచ్చాడు.

"ఇక్కడా?"

"ఇంకొంచెం దక్షిణంగా. పడవలో పెట్టాలండీ."

కాపలాకని తనూ పడవెక్కి పంజరాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. రాణీ ఎక్కింది. మూడు రోజులు పోయాక, "ఇక్కడా?" అన్నాడు.

"ఇంకొంచెం."

మరో మూడు రోజులకి దగ్గడం మొదలుపెట్టాడు. "ఇక్కడా? నా మోకాళ్ళు ఇలా లాగుతున్నాయేం?"

"వయసు బాబూ" అంది రాణి నెమ్మదిగా.

ధూమాక్షుడు మంత్రదండం ఎత్తి ఝళిపించాడు. దాన్లోంచి ఏమీ రాలేదు. స్వాతి అప్పటికే జానెడు ఉత్తరాన ఉంది. ప్రాణం చిలకని వదిలి వాడి ఒంట్లోకి వచ్చేసింది. వాడిక అందరిలాంటి ముసలివాడు. వకుళ పంజరం తలుపు తీసింది. చిలక ఎగిరి తెరచాప మీద కూర్చుని, "ఉల్లిపాయలు తరగడం వచ్చునా తాతా?" అంది. రాదంటే నేర్పారు. ఇల్లు చేరేదాకా వాడే తరిగాడు.

రేవులో రాజు ఎదురొచ్చాడు. "రాణీ, స్వాతిని చూస్తూ నన్నే తలుచుకున్నావట కదా!"

"నేనెక్కడున్నానో చెప్పానండి" అంది రాణి. "అర్థమైనది మన వకుళకొక్కదానికే."

రాజు తల వంచుకుని వకుళ దగ్గరికి నడిచాడు. తన కిరీటం తీసి ఆమె తల మీద పెట్టాడు. వకుళ తనని పెళ్ళాడమని నూకరాజుని అడిగింది. అతను సిగ్గుపడి సరేనన్నాడు. ఆమె అరవై ఏళ్ళు రాజ్యం చేసింది. రాణి మధూలిక చుక్కల సాళ్ళన్నీ చూపే ఆకాశపటం ఒకటి గీసి, ఊరి ఆడపిల్లలందరికీ తలా ఒక గొట్టం ఇచ్చింది.

ఆ రాజ్యంలో ఆడపిల్లని ఎవరైనా "నీ నెత్తిమీద ఎవరున్నారే?" అని అడిగితే, ఆ పిల్ల వెల్లకిలా పడుకుని గొట్టంలోంచి చూసి, ఆ చుక్క పేరు చెప్పేది.

పిల్లల్ని లెక్కపెట్టమంటే ముసలిరాజు మాత్రం ముందు వకుళతో మొదలుపెట్టేవాడు.