పదకొండు కొట్లు, ఒక డోలు

“ఒరే కొండలూ, నాకు మా బావ ఒళ్ళు తొడిగావేమిట్రా!”

వీధి మొగలో పుట్టిన ఆ కేక వెనకాలే మనిషీ వచ్చాడు. డోలు వాయించే వీరరాఘవులు. ఒంటి మీద కొత్త చొక్కా, కుడిచేతిలో డోలు. ఎడమ చెయ్యి మాత్రం భుజం దాకా లేవడం లేదు. సాయంత్రమే పెళ్ళి మేళం.

అంతవరకూ కొట్టులో జరుగుతున్న ముచ్చట వేరు. చీరాలలో ఖాదర్ మాస్టారి దగ్గర తొమ్మిదేళ్ళుగా కుట్టుపని నేర్చుకుంటున్న ఏడుకొండలుకి ఒకటే పట్టుదల. రెడీమేడ్ దుకాణాల దెబ్బకి మూతపడేలా ఉన్న ఈ కొట్టుని నిలబెట్టాలి, దానికో వెబ్‌సైటు పెట్టాలి. నెల్లాళ్ళు ఫోనుకి అతుక్కుపోయి పదకొండు పెద్ద టైలరింగ్ కొట్ల వెబ్‌సైట్లు చూశాడు. బోర్డుల రంగులు, గుర్తులు, రాసుకున్న గొప్పలు అన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాడు. పదకొండింట్లోనూ సన్నగా, నిటారుగా నిలబడ్డ కోటు కుర్రాళ్ళే. “మాస్టారూ, మనం వీళ్ళలో ఎవరిలా ఉందాం?” అని అడిగాడు. జవాబు రాకముందే కేక పడింది.

సంగతేమిటంటే, బావ చొక్కా ముచ్చటగా ఉందని వీరరాఘవులు దాన్నే ఆదిగా, అంటే కొలతకు నమూనాగా, ఇచ్చి పోయాడు. ఫోనులో మునిగిన ఏడుకొండలు టేపు తియ్యలేదు. నూలుపోగు తేడా రాకుండా ఆ చొక్కానే మళ్ళీ కుట్టాడు.

మాస్టారు వీరరాఘవుల్ని డోలు తగిలించుకుని వాయించమన్నారు, ఏడుకొండల్ని అలా వాయిస్తుండగానే కొలవమన్నారు. కొలిస్తే ఏముంది, ముప్ఫై ఏళ్ళు డోలు మోసిన ఎడమ భుజం అరంగుళం దిగిపోయి ఉంది. బావగారేమో పోస్టాఫీసులో కుర్చీ దిగని మనిషాయె.

ఏడుకొండలు సిగ్గుపడుతూ కూర్చోలేదు. కుట్లు విప్పాడు, భుజం దించాడు, చంకలో ముక్క వేశాడు. రెండు గంటలు తలెత్తితే ఒట్టు. వీరరాఘవులు తొడుక్కుని, నాలుగు దరువులు గట్టిగా వేసి, “ఇదిరా నా చొక్కా” అన్నాడు.

ఈలోగా మాస్టారి భార్య బీబీజాన్ గోంగూర పప్పు, అన్నం తెచ్చారు. వెళ్ళొస్తానన్న వీరరాఘవుల్ని కదలనివ్వలేదావిడ. ఖాళీ కడుపుతో పెళ్ళి దరువు ఎలా పలుకుతుందని దబాయించారు. గుడ్డలు పక్కకి నెట్టి నలుగురూ చాప మీద కూర్చున్నారు.

మొదటి ముద్ద దగ్గరే ఏడుకొండలు ఆగాడు. “అయితే మాస్టారూ, ఆ పదకొండూ చూడ్డం దండగేనా?”

మాస్టారు అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేశారు.

“దండగెందుకు నాయనా. వాళ్ళంతా ఎవరెవరికి కుట్టడం లేదో, అదొక్కటే ఇంకా రాసుకోలేదు నువ్వు.”