సగం సీతాఫలం

"స్నేహితుడంటే పక్కన కూర్చుని నాలుగు కబుర్లు చెప్పాలి గానీ, మొగుడూ పెళ్ళాల్లా తలలో పేలు చూసుకోవడమేంటి?"

పొద్దున్నే ఈ మాట అన్నది దాలయ్య అనే ముళ్ళపంది. అన్నదేమో ఇద్దరు ముసలి కొండముచ్చుల్ని. విన్నదేమో పోలమ్మ అనే ఎలుగుబంటి.

ఎక్కడంటారా? అనగనగా అని మొదలెడితే ఎక్కడికి చేరతామో, సరిగ్గా ఆ అడవిలోనే. అక్కడ కొండ కింద ఓ గుహ ఉండేది. వయసైపోయి, వేటాడలేక, చెట్టెక్కలేక మిగిలిన జంతువులన్నీ ఆ గుహకే వచ్చేవి. పోలమ్మ వాటికి తిండి పెట్టి, గడ్డి పడకలు వేసి చూసుకునేది. మగాడొస్తే గుమ్మంలోనే "నీ పెళ్ళామేది?" అనేది. ఆడదొస్తే "నీ మొగుడేడి?" అనేది. జంటగా వస్తే ఇద్దరికీ ఒకే పడక. లేదంటే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.

ఆ కొండముచ్చులు, సింగన్న, గవరయ్య, వచ్చినప్పుడూ అదే అడిగింది. గవరయ్య సింగన్న మొహంలోకి చూశాడు. తమకెవరూ లేరని, ఇద్దరూ స్నేహితులని చెప్పారు. సింగన్నకి గుహలో ఈ చివర, గవరయ్యకి ఆ చివర పడకలు పడ్డాయి. సింగన్నకి చూపు ఆనదు. అందుకని రోజూ గవరయ్యే గోడ పట్టుకుని నడిచొచ్చి, సింగన్న తల ఒళ్ళో పెట్టుకుని పేలు చూసేవాడు. దాలయ్యకి అదే కంట్లో నలుసైంది.

పోలమ్మ చెడ్డది కాదు. ఆమెకి గొడవలంటే పడదు, అంతే. ఎందుకొచ్చిన రగడ, ఎవరి చోట వాళ్ళుండండి అనేసింది. గవరయ్య లేచి, తన పడక మీదికి పోయి అటు తిరిగి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి సింగన్నకి తిండి పోయింది.

పోలమ్మ జామపండు తెచ్చింది. సింగన్న దాన్ని రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క పక్కన ఖాళీగా ఉన్న చోట పెట్టాడు. రెండోది చేతిలో పట్టుకుని చెవులు రిక్కించాడు. కాసేపయ్యాక అదీ కింద పెట్టేశాడు. తేనెపట్టు తెచ్చినా అంతే. చీమలు పట్టాయి. ముసలాడికి మతి పోయిందనుకుంది పోలమ్మ. మూడోసారి బాగా మగ్గిన సీతాఫలం తెచ్చింది. దాన్నీ సగానికి విప్పి పక్కన పెట్టాడు. పక్కటెముకలు బయటపడ్డాయి. ఇలాగే ఉంటే ప్రాణం పోతుంది.

పోలమ్మ అక్కడే చతికిలబడింది.

"ఈ సగం ఎవరిది, సింగన్నా?"

"చెప్తే బయటికి పంపేస్తావా?"

"పంపను."

"గవరయ్యది. వాడు నమిలే చప్పుడు వినపడకపోతే నాకు ముద్ద దిగదు. మేం జంటేనమ్మా. వయసులో ఉండగా ఈ మాట అన్నందుకే మా మంద తరిమేసింది. ఇప్పుడు తరిమితే ఎక్కడికి పోతాం? అందుకే స్నేహితులమన్నాం."

పోలమ్మ లేచి ఆ చివరికి వెళ్ళింది. గవరయ్య పడక గడ్డంతా వాటేసుకుని మోసుకొచ్చి, సింగన్న పడకలో కలిపేసింది. గవరయ్య వచ్చి కూర్చున్నాడు. తన సగం తీసుకుని కొరికాడు. ఆ చప్పుడికి సింగన్న చెవి కదిలింది. తన సగం నోట్లో పెట్టుకున్నాడు.

దాలయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఇలాగైతే తానిక్కడ ఉండనన్నాడు.

"దాలయ్య మావా," అంది పోలమ్మ, "నీ ముళ్ళకి భయపడి ఎవరూ నీ పక్కన పడుకోరు. అయినా నిన్నెవరన్నా పొమ్మన్నారా?"

దాలయ్య ముళ్ళు మెల్లగా దిగాయి. పోనూ లేదు, మళ్ళీ ఆ మాట ఎత్తనూ లేదు.

అప్పట్నించి గుమ్మంలో పోలమ్మ అడిగే మాట మారింది. "నీ వాళ్ళెవరు? ఎవరి పక్కన పడక వెయ్యమంటావు?" అనేది. తర్వాత వచ్చిన ఇద్దరు ముసలి ఆడదుప్పులు తడుముకోకుండా ఒకరినొకరు చూపించుకున్నారు.

నీతి: తిండీ పడకా ఇచ్చినంత మాత్రాన అది ఇల్లు కాదు, తన తోడెవరో భయపడకుండా చెప్పుకోగలిగితేనే ముసలి ప్రాణానికి అది ఇల్లు. మరి మీ గుమ్మంలోకి అలాంటి ప్రాణం ఒకటి వస్తే, మీరు ముందు ఏమడుగుతారు?