గోడ మీద లేని మాట

అనగనగా ఒక రాజ్యం. అక్కడ కోట ఒక్కరికే ఉంది గానీ, గోడ మాత్రం అందరికీ ఉంది.

వీధి వైపు గోడ. తెల్లగా సున్నం వేసి ఉండేది. ఎవరి గోడ మీద వాళ్లు ఎర్రమట్టి జాజుతో తమ మనసులో మాట రాసుకోవచ్చు. దారినపోయేవాళ్లు చదువుతారు. నచ్చితే పక్కన ఒక చుక్క పెట్టి పోతారు. అదీ అక్కడి ఆచారం.

మగవాళ్లు తెగ రాసేవాళ్లు. "నా మీసం చూశారా?" అని ఒకరు. "నిన్న పద్నాలుగు గారెలు తిన్నాను" అని ఇంకొకరు. రాజుగారైతే కోటగోడ మీద "వేటకు వెళ్లాం. వానలో తడిశాం. భలే!" అని రాయించారు. దానికి వెయ్యి చుక్కలు పడ్డాయి. ఎవరూ ఏమీ అడగలేదు.

కోట ఉన్న ఊళ్లోనే పైడమ్మ ఉండేది. బట్టలకు అద్దకం వేసేది. ఒక్కతే ఉండేది. ఒకరోజు ఆమె కూడా తన గోడ మీద రాసుకుంది.

"ఇవాళ వానలో తడిశాను. హాయిగా ఉంది."

రాజ్యంలో వార్తలు చాటేవాడు శరభయ్య. చేతిలో జేగంట, నోట్లో తాంబూలం. పైడమ్మ రాత చూడగానే గంట ఠంగుమంది.

"వినండహో! పైడమ్మ వానలో తడిసిందట! ఎవరితో?"

జనం పోగయ్యారు. పైడమ్మ బయటికొచ్చి, "ఏమయ్యా, ఎవరితో అని నేను రాశానా?" అంది.

"నేనేమన్నానమ్మా? అడిగానంతే!" అన్నాడు శరభయ్య పళ్లికిలించి.

రెండో రోజు ఆమె రాసింది. "ఇవాళ పని మానేసి కొండెక్కి పాడాను."

ఠంగ్! "పాడిందట! ఎవరి కోసం?"

మూడో రోజు రాసింది. "ఇవాళ ఊరికే నవ్వొచ్చింది."

ఠంగ్! "నవ్విందట! ఎవర్ని చూసి?"

పక్కింటి అచ్చమ్మత్త తల పట్టుకుంది. "ఎందుకే పైడీ నీకీ గోల? గోడ మీద చక్కగా తులసికోట బొమ్మ గీసుకోరాదూ?"

"తులసమ్మకి నా నవ్వు అడ్డం రాలేదత్తా. నీకెందుకొచ్చింది?"

అచ్చమ్మత్త నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాలుగో రోజు శరభయ్య రాజసభకు పోయాడు. "ప్రభూ! ఒక్క గోడ వల్ల ఊరి ఆడవాళ్లంతా చెడిపోతున్నారు!" అని మొరపెట్టుకున్నాడు.

రాజుగారు పైడమ్మను పిలిపించారు. "గోడ మీద 'తప్పయింది' అని రాయి. లేకపోతే దానికి సున్నం కొట్టిస్తాను. నీ జాజుకుండ పగలగొట్టిస్తాను. ఇక బతికినంతకాలం నీకు గోడ లేదు."

పైడమ్మ కళ్లు దించలేదు. "అలాగే ప్రభూ. కానీ సున్నం కొట్టేముందు శరభయ్యగారిని నా గోడ ముందు నిలబెట్టి నా రాత చదివించండి. ప్రతి అక్షరం కింద వేలు పెట్టి చదవాలి."

రాజుగారు గుర్రం మీద, రాణిగారు పల్లకీలో వచ్చారు. ఊరంతా వచ్చింది. శరభయ్య వేలు పెట్టాడు.

"ఇవాళ వానలో తడిశాను. హాయిగా ఉంది. ఎవరితో..."

"ఆ 'ఎవరితో' ఎక్కడుందో చూపించండి," అంది పైడమ్మ.

శరభయ్య వేలు గోడ మీద జారింది. ఉత్త సున్నం. "ఎవరి కోసం" కోసం వెతికాడు. సున్నం. "ఎవర్ని చూసి" కోసం వెతికాడు. వేలు తెల్లబడింది గానీ మాట దొరకలేదు.

అప్పుడు చూరు కింద బల్లి పలికింది. బల్లి పలికితే సత్యమని ఆ రాజ్యంలో నమ్మకం.

"ఈ గోడ మీదే పుట్టాను. ఆ మాటలు నేనూ చూడలేదు. పైడమ్మ రోజుకు ఒక్కసారి వచ్చి రాసిపోతుంది. ఈయన రోజుకు తొమ్మిదిసార్లు వచ్చి చదివిపోతాడు!"

జనం గొల్లుమన్నారు. రాజుగారు కూడా నవ్వారు.

"నిజమే. 'తడిశాను' అనే ఉంది, 'తడిశాం' అని లేదు. అంటే ఒంటరిగానే తడిసింది. పైడమ్మా, నువ్వు నిర్దోషివి. నీ గోడ నీదే."

అక్కడితో దండం పెట్టి లోపలికి పోతే సరిపోయేది. గోడ దక్కింది కదా! కానీ పైడమ్మ కదల్లేదు.

"ఒకవేళ 'తడిశాం' అని రాసి ఉంటే?"

రాజుగారి నవ్వు ఆగిపోయింది.

"ఒంటరిగా తడిశానని నన్ను వదిలేస్తే, రేపు జంటగా తడిసినదాని గోడకు సున్నం కొడతారు. అలాంటి తీర్పు నాకొద్దు. మీ కోటగోడ మీద 'తడిశాం' అనే ఉంది ప్రభూ. ఎవరితో అని శరభయ్యగారు మిమ్మల్ని అడిగారా?"

పల్లకీలోంచి రాణిగారు గట్టిగా దగ్గారు.

రాజుగారు మీసం సవరించుకున్నారు. గొంతు సవరించుకున్నారు. చివరికి తీర్పు కూడా సవరించుకున్నారు.

"ఎవరు ఎలా తడిసినా వాళ్లిష్టం. ఇకమీదట శరభయ్య అక్షరం కింద వేలు పెట్టే చదవాలి. తనంతట తాను చేర్చిన మాటలు తన గోడ మీద రాసుకోవాలి."

సాయంత్రానికి శరభయ్య ఇంటి గోడ నిండిపోయింది. ఎవరితో, ఎవరి కోసం, ఎవర్ని చూసి. ఒక్క చుక్క కూడా పడలేదు.

మర్నాడు పెద్ద వాన కురిసి వెలిసింది. అచ్చమ్మత్త గోడ మీద వంకరటింకర అక్షరాలు కనిపించాయి.

"తడిశాం. మోకాళ్లు లాగుతున్నాయి. అయినా హాయిగా ఉంది."

శరభయ్య పరుగున వచ్చాడు. గంట ఎత్తాడు. నోరు తెరిచాడు. వీధి చివర ఎర్రగా నిండిన తన గోడ కనిపించింది. నోరు మూసుకున్నాడు.

అచ్చమ్మత్త అరుగు మీద కూర్చుని, జుట్టు ఆరబెట్టుకుంటూ, "ఏం శరభయ్యా, చుక్క పెట్టవా?" అంది.

నీతి: రాసిన మాటకు రాసినవాళ్లది పూచీ, రాయని మాటకు, దాన్ని చేర్చి చాటినవాడిదే పూచీ.