గీత చెదరని నట్టు

కారుని జాకీల మీంచి దించగానే మూలిగింది. వెనక భాగం దిగాల్సినంత దిగకుండా బెత్తెడు ఎత్తున బిగుసుకుని నిలబడిపోయింది. పని చేసిన మెకానిక్ ప్రభుదాసు డిక్కీని చేత్తో నొక్కి చూశాడు. దిగలేదు.

అది పాత అంబాసిడర్. అలాంటి బండ్లకి వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకటే ఇరుసు. ఒక చక్రం గుంతలో పడితే రెండోదానికీ కుదుపు తప్పదు. బండి యజమాని రిటైరైన స్టేషన్ మాస్టరు. భార్యకి నడుం ఆపరేషన్ అయిందని, ఆ ఇరుసునీ దాని కమాన్ స్ప్రింగు కట్టల్నీ తీసేసి, ఏ చక్రానికా చక్రం విడిగా లేచి దిగే కొత్త కాలం సెట్టు పెట్టమన్నాడు. చిలకలూరిపేటలో సైదావలి ఉస్తాద్ షెడ్డుకి అలాంటి పని రావడం అదే మొదలు. ఉస్తాద్ దాన్ని ప్రభుదాసుకి అప్పజెప్పాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నట్టు బిగించినవాడు దాని మీదుగా పసుపు పెయింటుతో ఒక గీత గీయాలి. తరవాత నట్టు కాస్త కదిలినా గీత తెగి కనిపిస్తుంది.

ప్రభుదాసు కిందికి దూరి చూశాడు. గీతలన్నీ గీసినవి గీసినట్టే ఉన్నాయి. ఇంకొకడైతే తప్పు తన పనిలోనే ఉందేమోనని వెతుక్కునేవాడు. ఇతనికి మాత్రం కోటిలింగం గుర్తొచ్చాడు.

కోటిలింగం తనకంటే ముందు చేరిన మెకానిక్. ఈ పని తనకి రాలేదని మనసులో పెట్టుకున్నాడని ప్రభుదాసు అనుమానం. మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్తే షెడ్డులో ఉన్నది అతనొక్కడే. ఆ రోజు శనివారం. శనివారాలు అతనికి ఒక్కపొద్దు, రాత్రిదాకా తినడు అని తెలిసీ ప్రభుదాసు ఆ సంగతి మర్చిపోయాడు. పైగా అతని గోళ్ళకి పసుపు రంగు. పసుపు అంటని గోరు ఆ షెడ్డులో ఎవరికుంది కనక!

నేరుగా ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు.

“కోటిలింగం నట్లు కదిపి, మళ్ళీ గీతలు గీశాడు ఉస్తాద్. వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి.”

రోజూ అన్నా అని పిలిచే నోటితోనే ‘వాడు’ అనేశాడు.

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. “నువ్వు చూశావా?”

“చూడాలా ఉస్తాద్? నాకు తెలీదా?”

నాలుగడుగుల దూరంలో కోటిలింగం అంతా వింటున్నాడు. అతని ఇల్లు గడిచేది ఆ షెడ్డు మీదే. పట్టుకున్న పానా పట్టుకున్నట్టే ఉండిపోయింది. ఆ మౌనం కూడా ప్రభుదాసుకి దొంగ మౌనంలాగే కనిపించింది.

“ఎవరు పోవాలో బండి చూశాక చెప్తాలే,” అన్నాడు ఉస్తాద్.

బండిని, కింద నిలబడి పని చేసుకునే గొయ్యి మీదికి తోయించాడు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి.

“కిందికి దిగి, చక్రాల్ని పట్టుకున్న ఆర్ముల నట్లన్నీ వదులు చెయ్యి.”

“జాకీ వెయ్యకుండానా ఉస్తాద్?”

“వదులు చెయ్యరా.”

ప్రభుదాసు ఒక్కో నట్టూ వదులు చేస్తుంటే పసుపు గీతలు తెగుతూ వచ్చాయి. చివరి నట్టు వదలగానే బండి కిర్రుమని కిందికి సర్దుకుని, ముందు భాగంతో సమంగా నిలిచింది.

ఉస్తాద్ కూడా గొయ్యిలోకి దిగి ఆర్ము చివర నట్టు కింద ఉన్న రబ్బరు బుష్షు మీద వేలు పెట్టాడు. ఇంతసేపూ పిండిన గుడ్డలా మెలిపడి ఉన్న రబ్బరు ఇప్పుడిప్పుడే విచ్చుకుంటోంది.

“చక్రాలు గాల్లో వేలాడుతుంటే బిగించేశావు. రబ్బరు అక్కడే పట్టేసి బండిని దిగనివ్వలేదు,” అన్నాడు. “బరువు నేల మీద ఆనాక బిగించాలి.”

ప్రభుదాసు మళ్ళీ బిగించాడు. ఉస్తాద్ పైకెక్కి డిక్కీ మీద రెండు చేతులూ వేసి బలంగా ఊపాడు. మూలుగు లేదు.

“ఇప్పుడు చెప్పు. ఎవర్ని పంపించమంటావు?”

ప్రభుదాసు గొయ్యిలోంచి పైకొచ్చి, పెయింటు డబ్బా తీసుకుని కోటిలింగం ముందు నిలబడ్డాడు.

“అన్నా, గీతలు నువ్వు గియ్యి.”

కోటిలింగం డబ్బా అందుకోలేదు. “రేపు గీత తెగితే?”

“నేను బిగించిందే వదులైందనుకుంటా.”

కోటిలింగం డబ్బాలోంచి బ్రష్షు తీసుకున్నాడు. ప్రభుదాసు ముందు గొయ్యిలోకి దిగి, అతనికి లైటు పట్టుకున్నాడు.