గోంగూర దస్తగిరి

దస్తగిరి మూట కట్టుకొచ్చి గురువు లతీఫ్ షా ముందు నిలబడ్డాడు.

"సెలవిప్పించండి బాబా. ఇన్నేళ్ళున్నా ఈ వీధిలో నన్ను పేరుపెట్టి పిలిచే దిక్కు లేదు. అన్నీ రాతిగుండెలే. మంచి మనుషులున్న చోటుకు పోయి దేవుణ్ణి తలుచుకుంటా."

రాతిగుండెలట! ఒక్కనాడైనా తలెత్తి వాళ్ళ ముఖాలు చూస్తే గదా గుండెల సంగతి తెలిసేది! గదిలోంచి మసీదుకి, మసీదులోంచి గదికి. చూపు కాళ్ళ మీద, వేళ్ళు తస్బీ పూసల మీద. అదీ ఈ పెద్దమనిషి నడక.

షా గారు పొయ్యి మీద పప్పు కలుపుతున్నారు. "పోదువులే. ముందు ఇందులోకి గుప్పెడు గోంగూర తెచ్చిపెట్టు. బజారుకి పోవద్దు, మన వీధి దాటొద్దు."

వీధిలో గోంగూర యాడ మొలుస్తుందని దస్తగిరికి ఒళ్ళు మండింది. అయినా గురువు మాటాయె. మూట అక్కడే పెట్టి, గడప గడపా చూసుకుంటూ నడిచాడు. కూలిన బియ్యం మిల్లు గోడ సందులోంచి ఒక ముసలమ్మ ఒడినిండా వంకాయలతో బయటికొస్తోంది. లోపలికి తొంగి చూశాడు.

మిల్లు జాగా అంతా కూరమడులే! వీధి వీధంతా అక్కడే ఉంది. కలుపు తీసేవాళ్ళు తీస్తున్నారు, నీళ్ళ వంతు కోసం కీచులాడుకునేవాళ్ళు కీచులాడుకుంటున్నారు.

ఒక మడిలో గోంగూర ఏపుగా ఉంది. దస్తగిరి వంగి చెయ్యి పెట్టాడు.

"తియ్యి నాయనా చెయ్యి!" అని అరిచింది పక్క మడిలోని ఓబులమ్మ కొడవలి ఊపుతూ. "ఇక్కడ ఎవరి మడి వాళ్ళు కోసుకోరాదు. నీళ్ళు పోసేది మన మడికి, కోసుకునేది పక్కోళ్ళ మడిలో. అదీ కట్టుబాటు."

"నాకిక్కడ మడే లేదమ్మా."

"నువ్వు దస్తగిరివి కాదా?"

"అవును."

"ఇది నీ మడే! మావాడు దేవుడితో పనిలో ఉన్నాడు, తీరిక లేదంటూ మీ బాబా రోజూ వచ్చి నీ పేరు మీద నీళ్ళు పోసి పోతాడు."

నాలుగు తలలు పైకి లేచాయి. "ఓహో, గోంగూర దస్తగిరి ఈయనేనా!" అన్నాడు మంగలి తిరుపాలు. "నిన్న మా ఇంట్లో నీ పచ్చడే అన్నా. పులుపంటే అదీ!"

దస్తగిరి గోంగూర మీంచి చెయ్యి తీశాడు. ఓబులమ్మ తన మడి చూపించింది. "నాది చుక్కకూర. అదీ పుల్లనిదే. కోసుకుపో."

షా గారు అతని చేతిలోని కూర చూశారు. "గోంగూర దొరకలేదా?"

"దొరికింది బాబా. నేను కోయకూడదట."

షా గారు పకపకా నవ్వి చుక్కకూర పప్పులో వేశారు. "తొందరగా తిని బయల్దేరు. బస్సుకి వేళవుతోంది."

దస్తగిరి మూట విప్పాడు. అందులోంచి చెంబు తీసుకుని మిల్లు గోడ వైపు నడిచాడు.